గాలివానకి గేటు మూసిన పెద్ద మేడమ్

పెద్ద మేడమ్ పోయారన్న కబురు నాకు ఎనిమిదో తరగతి గదిలో, బోర్డు మీద సగం గీసిన వృత్తం ముందు తెలిసింది. ఒంటిపూట బడులు నడుస్తున్నాయి. క్లాసులో ఫోన్ ఎత్తొద్దని స్టాఫ్ అందరికీ చెప్పింది నేనే. కానీ స్క్రీన్ మీద ఆవిడ పేరు కనిపించింది. బడి వేళల్లో ఎవరికీ ఫోన్ చేసే మనిషి కారు ఆవిడ. ఎత్తాను. అవతల వాళ్ళమ్మాయి గొంతు. "ఆంటీ, మమ్మీ పొద్దున్న టీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయింది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళేసరికే..." అని ఆగిపోయింది. ఎవరో మగమనిషి ఫోన్ తీసుకుని, భూస్థాపన రేపు మధ్యాహ్నం విస్సన్నపేటలో అని చెప్పారు. పిల్లలు నా చేతిలోని సుద్దముక్క వంక చూస్తున్నారు. వృత్తం పూర్తి చేసి, వ్యాసార్థం ఏదో చెప్పమని ఒక పిల్లని అడిగాను. ఆ పిల్ల చెప్పిందో లేదో నాకు గుర్తు లేదు.

నిజం చెప్పేస్తాను. ఏడుపు కంటే ముందు నాకొచ్చింది భయం. ఇప్పుడు నేనెవర్ని అడగాలి? మనిషి పోయిందని తెలిసిన క్షణంలో నా గోల నాకు గుర్తొచ్చినందుకు సిగ్గేసింది కూడా. కానీ ఆ వారం అలాంటిది. పెద్ద మేడమ్ తర్వాత వచ్చిన హెడ్మాస్టర్ గారు రిటైరైన దగ్గర్నుంచి, సీనియర్‌ని కాబట్టి, ఇన్‌ఛార్జి బాధ్యత నా మెడకి చుట్టారు. ఇప్పుడు ప్రమోషన్ల జాబితాలో నా పేరు వచ్చింది. హెడ్మిస్ట్రెస్‌గా పూర్తి బాధ్యత తీసుకుంటానో, నాకొద్దని రాసిచ్చి లెక్కల టీచర్‌గానే ఉండిపోతానో శుక్రవారం చెప్పాలి. వద్దనే చెప్పేద్దామనుకున్నాను. చెప్పేముందు ఒకసారి పెద్ద మేడమ్‌తో మాట్లాడదామని, సాయంత్రం చేద్దాం, రేపు చేద్దాం అని నాన్చుతూ వచ్చాను.

నా సంగతి మీకు కొంచెం చెప్పాలి, లేకపోతే ఆవిడ నాకెందుకంత ముఖ్యమో అర్థం కాదు. నేను పుట్టు భయస్తురాలిని. తాళం వేసి నాలుగడుగులు నడిచి, వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూసే రకం. బస్సెక్కాక గ్యాస్ కట్టేశానా అని గుర్తొచ్చి పక్కింటావిడని నిద్రలేపే రకం. ఇన్‌ఛార్జి అయ్యాక ఆ భయానికి ఊరంత చోటు దొరికింది. బాత్రూముల దగ్గర పాకుడు, గోడ వెంట వేలాడే కరెంటు తీగ, గుడ్డు తిన్నాక కడుపునొప్పి అన్న ఆరో తరగతి పిల్ల. ప్రతి పిల్లా ఇంటికి చేరేదాకా నా గుండె నా దగ్గర ఉండదు. ఇలాంటి దానికి స్కూలెందుకు అని మా ఆయన నవ్వుతాడు. నాకూ అదే అనుమానం.

పెద్ద మేడమ్ మా స్కూలుకి హెడ్మిస్ట్రెస్‌గా వచ్చిన ఏడాదే నేనూ వచ్చాను. ఆగిరిపల్లి వైపు రోడ్డు పక్కన, మూడు పక్కలా మామిడి తోటలున్న హైస్కూలు అది. నాది బెజవాడ. ఆవిడది కైకలూరు వైపు ఊరు, వరిచేలూ చేపల చెరువులూ తప్ప అడ్డంగా చెట్టన్నది కనిపించని ప్రాంతం. ఇద్దరం ఒకే నెలలో చేరాం కాబట్టి పిల్లలు ఆవిడని పెద్ద మేడమ్ అనీ, నన్ను చిన్న మేడమ్ అనీ విడదీశారు. నా పేరు తర్వాత పోయింది. ఆవిడకి మాత్రం ఆ పేరే ఉండిపోయింది, స్టాఫ్ కూడా అలాగే పిలిచేవాళ్ళు.

వచ్చిన కొత్తలో ఆవిడని చూసి స్టాఫ్‌రూమ్‌లో నవ్వుకున్నారు. ఎన్నో ఏళ్ళు ఇంగ్లీషు టీచర్‌గా చేసి, ప్రమోషన్ మీద వచ్చారు. హెడ్మాస్టర్ కుర్చీలో కూర్చునేవారు కాదు. దాని పక్కన ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో ఓరగా కూర్చుని సంతకాలు పెట్టేవారు, అసలు మనిషి బయటికెళ్ళాడు, ఇప్పుడే వచ్చేస్తాడు అన్నట్టు. ప్రేయర్‌లో ఆవిడ గొంతు మూడో వరసకి అందేది కాదు. ఎవరేం అడిగినా "మీకు ఎలా బాగుంటుందనిపిస్తే అలా చెయ్యండి" అనేవారు. మా సోషల్ మాస్టారు ఆవిడని అనుకరించి ఆ మాట అంటే అందరం పడీపడీ నవ్వేవాళ్ళం.

ఒక్క విషయంలో మాత్రం మెత్తదనం లేదు. రోజూ మొదటి పీరియడ్ ఆరో తరగతికి ఇంగ్లీషు ఆవిడే చెప్పాలి. ఇన్‌స్పెక్షన్ వాళ్ళొచ్చినా సరే, వరండాలో కుర్చీ వేయించి, పీరియడ్ అయ్యాకే వచ్చేవారు. "క్లాసు వదిలేసిన హెచ్చెమ్‌కి పిల్లలు అంకెలయిపోతారమ్మా" అని నాతో అన్నారు ఒకసారి. లెక్కల టీచర్‌తో ఆ మాట అన్నానే అని తర్వాత నొచ్చుకుని, కాఫీ ఇప్పించారు.

ఏప్రిల్‌లో గాలి సంగతి తోటల వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతాను. అప్పటికి కాయ బరువెక్కి, తొడిమ మీద వేలాడుతూ ఉంటుంది. ఎండ కాస్తూ కాస్తూ ఉన్నట్టుండి పడమర నల్లబడుతుంది. ఒక్క ఈదురుగాలికి ఏడాది కష్టమంతా నేలమీద ఉంటుంది. రాలిన కాయని వెంటనే ఏరితే పచ్చడికో, ఒరుగులకో పోతుంది. వాన నీళ్ళలో నానిందా, ఇక దేనికీ పనికిరాదు. అందుకే మా వైపు గాలి మొదలైతే జనం ఇళ్ళలోకి పరిగెత్తరు, గోనెసంచులు పట్టుకుని తోటల్లోకి పరిగెత్తుతారు. కొన్ని తోటల్లో ఏరినదాంట్లో కొంత ఏరినవాళ్ళకే వదిలేస్తారు కాబట్టి కూలీ ఇళ్ళవాళ్ళకీ అది పండగే. అందరికంటే ముందు చేరేది పిల్లలు. కొమ్మలు విరిగేదీ, పిడుగులు పడేదీ ఆ చెట్ల మీదే అన్న సంగతి ఆ తొందరలో ఎవరికీ గుర్తుండదు.

ఈ సంగతి మా ఇద్దరికీ తెలియదు. ఆవిడ మొదటి ఏప్రిల్‌లో ఒకరోజు పదకొండింటికే చీకటి పడినట్టయింది. ఊరి సంగతులు తెలిసిన సీనియర్లందరూ పదో తరగతి పేపర్లు దిద్దడానికి స్పాట్‌కి వెళ్ళారు. మిగిలింది మాలాంటి కొత్తవాళ్ళం. పెద్ద మేడమ్ వరండాలోకి వచ్చి ఆకాశం చూశారు. వాళ్ళ ఊళ్ళో అయితే వాన పడేలోగా పిల్లల్ని ఇళ్ళకి పంపెయ్యడమే పద్ధతి. "వానొచ్చేలోపు ఇళ్ళకి చేరిపోతారు పాపం" అని లాంగ్ బెల్ కొట్టించారు. అప్పటిదాకా ఆవిడ సొంతంగా తీసుకున్న నిర్ణయం నేను చూడలేదు, అదే మొదటిది. నాకూ సంతోషంగానే ఉంది, బస్సు దొరుకుతుందని.

పిల్లలు గేటు దాటి, ఊరివైపు తిరగలేదు. అందరూ రోడ్డు దాటి ఎదురు తోటలోకి దూరారు. పెద్ద మేడమ్ గేటు దగ్గర నిలబడి, "ఏంటమ్మా, ఇళ్ళు ఇటు కదా?" అని నన్నడిగారు. గోనెసంచి నెత్తిన వేసుకుని పరిగెత్తుతున్న ఒకావిడ ఆగకుండానే జవాబు చెప్పింది. "గాలొచ్చింది కదండీ, కాయ రాలుద్ది!"

పెద్ద మేడమ్ ముఖం ఎలా అయిందో చెప్పలేను. కొంగు నడుముకి దోపుకుని తోటలోకి పరిగెత్తారు. వెనకాలే నేను. లోపల సగం చీకటి. కాయలు నేలకి కొట్టుకుంటున్న చప్పుడు, ఆకుల రొద, ఎక్కడో పిల్లల కేకలు, నవ్వులు. పిల్లలకి అది ఆటే. పెద్ద మేడమ్ ఆరో తరగతి పిల్లల్ని పేరుపేరునా పిలుస్తున్నారు. ప్రేయర్‌లో మూడో వరసకి అందని గొంతు ఆ గాలిలో నాకు స్పష్టంగా వినిపించింది. దొరికినవాళ్ళని దొరికినట్టు రెక్కపట్టుకుని రోడ్డు మీదికి నెట్టాం. అప్పుడే లోపలెక్కడో పెద్ద కొమ్మ విరిగిన చప్పుడు వచ్చింది.

ఏడో తరగతి పిల్ల. కొమ్మ చివర భుజం మీద పడింది. ఇంకో రెండడుగులు లోపల ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ నేను ఆలోచించను, ఆలోచిస్తే ఆ రోజంతా అన్నం సహించదు. ఎవరిదో మోటార్ సైకిల్ మీద పిల్లని మధ్యలో పెట్టుకుని నూజివీడు తీసుకెళ్ళాం. ఎముక విరిగింది, కట్టు కట్టారు, ప్రాణానికి భయం లేదన్నారు. వాళ్ళమ్మ తోటలో పనిలోంచి అలాగే వచ్చింది, చేతులకి మామిడి జీడి మరకలతో. తిడుతుందని మేం తలలు వంచుకుని నిలబడ్డాం. ఆవిడ పెద్ద మేడమ్ చేతులు పట్టుకుని, "మీరేం చేత్తారండీ, మా కోసమే కదండీ పిల్లల్ని ముందే వదిలారు. కాయ ఏరుకుంటారని మంచి మనసుతో వదిలారు" అంది.

ఆ తల్లి తిట్టి ఉంటే బాగుండేదని పెద్ద మేడమ్ తర్వాత చాలాసార్లు అన్నారు. ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని, తడిసిన కొంగు పిండుకుంటూ, "ఆర్డర్ ఒక్కరోజులో చేతికొచ్చింది. హెచ్చెమ్‌నని మాత్రం నాకు ఇవాళే తెలిసింది" అన్నారు. ఏదో ఓదార్పు మాట చెప్పబోయాను. వద్దని చెయ్యి ఊపారు. మర్నాడు ప్రేయర్ అయ్యాక ఆఫీసు రూములోకి వెళ్ళి చూస్తే, పెద్ద కుర్చీలో కూర్చుని ఉన్నారు. బాగా వెనక్కి జరిగి, కాళ్ళు నేలకి సరిగా ఆనకపోయినా, అందులోనే కూర్చున్నారు.

తర్వాతి ఏడాది ఫిబ్రవరిలోనే ఆవిడ తోటల వెంట తిరగడం మొదలుపెట్టారు. కాపు మొదలయ్యాక కౌలుకి తీసుకున్నవాళ్ళు కాపలాకి తోటల్లోనే పాకలు వేసుకుని కుటుంబాలతో ఉంటారు. సాయంత్రాలు గొడుగు చేతికర్రలా పట్టుకుని, నన్ను వెంటేసుకుని, ఒక్కో పాక దగ్గరా ఆగేవారు. "గాలొస్తే గేటు మూసేస్తానండీ. గాలి తగ్గాకే పిల్లల్ని పంపుతాను. కోపం తెచ్చుకోకండి" అని ముందే చెప్పేవారు. వాళ్ళు తలలూపి, నిమ్మకాయ నీళ్ళిచ్చి, మేం వెళ్ళాక నవ్వుకునేవాళ్ళని నా అనుమానం. ఏప్రిల్ మొదట్లో ఒక పాక దగ్గర చిన్నరసాలు పెట్టారు, ముందుగా పండినవి. ఆవిడ బ్యాగులోంచి చాకు తీసి ముక్కలు కొయ్యబోయారు. రసం పండుని చాకుతో కోసే మనిషిని చూసి ఆ ఇంటి పిల్లలు విరగబడి నవ్వారు. ఎలా పిసికి, ఎలా తొడిమ దగ్గర కొరికి జుర్రాలో వాళ్ళే నేర్పారు. మోచేతుల దాకా రసం కారుతుంటే, "ఇది మా వైపు ఎవరూ చెప్పలేదమ్మా" అన్నారు.

ఆ ఏడాది గాలి రానే వచ్చింది. ఆవిడ గేటుకి తాళం వేసి, తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని నిలబడ్డారు. బయట తల్లిదండ్రులు పోగయ్యారు. నిమ్మకాయ నీళ్ళిచ్చినవాళ్ళే కేకలు వేశారు. "మా పిల్లలు మా ఇష్టం, మీరెవరండీ ఆపడానికి?" అని ఒకాయన గేటు పట్టుకుని ఊపాడు. ఆవిడ గేటు దగ్గర్నుంచి కదలలేదు. "ఇంటికి తీసుకెళ్తానంటే ఇప్పుడే తీస్తాను. తీసుకెళ్ళి మీరూ ఇంట్లోనే కూర్చుంటానని చెప్పండి, తీస్తాను." ఆయన గేటు వదిలేసి తోటవైపు వెళ్ళిపోయాడు. నేను ఆవిడ వెనక నిలబడి ఉన్నాను కాబట్టి బయటివాళ్ళకి కనిపించనిది నాకు కనిపించింది. వీపు వెనక్కి పెట్టుకున్న ఎడమచెయ్యి కొంగుని మెలితిప్పుతూనే ఉంది.

లోపల పిల్లలు ఉరుములకి అరుస్తుంటే ఆవిడ వచ్చి గట్టిగా ఎక్కాలు చెప్పించారు. నా సబ్జెక్టు లాక్కున్నారని నేనంటే నవ్వారు. అప్పుడే అన్నారు, "నీ భయం నీ దగ్గరే ఉంచుకో. పిల్లల చేతిలో పెట్టకు" అని. ఆ మాట పట్టుకునే నేను ఇన్నేళ్ళు క్లాసులో నెట్టుకొచ్చాను.

ఆవిడ గొప్ప నాయకురాలు అని నేను రాయను. ఆ మాట అంటే ఆవిడే ఊరుకోరు. ఒకసారి హెడ్మాస్టర్లందరికీ నాయకత్వం మీద శిక్షణ పెట్టారు. మూడు రోజులు వెళ్ళొచ్చారు. ఫైలూ, పెన్నూ, సంచీ ఇచ్చారట. ఎలా ఉంది మేడమ్ అని అడిగితే, "బాగానే చెప్పారమ్మా. తెర మీద బొమ్మలు కూడా వేశారు. గేటు అవతల నిలబడ్డ నాన్నతో ఏం మాట్లాడాలో మాత్రం ఎవరూ చెప్పలేదు" అన్నారు. సంచీ నాకిచ్చేశారు, కూరగాయలకి ఇప్పటికీ అదే వాడుతున్నాను. ఆవిడ తప్పులు చేశారు. ఒక మంచి టీచర్‌ని అందరి ముందూ కోప్పడి, క్షమాపణ చెప్పడానికి వారం తీసుకున్నారు. ఒక ఏడాది గాలి రాకుండానే గేటు మూసి ఊరంతటి చేతా నవ్వించుకున్నారు. నవ్వినా పర్లేదన్నారు.

రిటైరయ్యాక కూతురి దగ్గర విస్సన్నపేటలో ఉండేవారు. అప్పుడప్పుడూ ఆదివారం చర్చి అయ్యాక ఫోన్ చేసేవారు. నువ్వెలా ఉన్నావని ఎప్పుడూ ముందు అడగలేదు. "పిల్లలెలా ఉన్నారు?" అన్నదే మొదటి మాట. నాకు ఇన్‌ఛార్జి ఇచ్చిన కొత్తలో అదే మాట అడిగితే నేను ఏడ్చేశాను. ఇది నావల్ల కాదు మేడమ్, నాకు పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ భయం, మీలా గట్టిగా నిలబడే మనిషిని కాను అన్నాను. "భయం లేని మనిషి చేతికి స్కూలిస్తే నాకు భయమమ్మా" అన్నారు. తర్వాత కూర ఏం వండావని అడిగారు. ఆ మాట నాకు ధైర్యం ఇవ్వలేదు. ఆవిడ భయం గుప్పిట్లో దాచుకోగలిగిన మనిషి. నాది ముఖం మీదే ఉంటుంది, ఆరో తరగతి పిల్లకి కూడా కనిపిస్తుంది. అందుకే వద్దని చెప్పేద్దామనుకున్నాను.

భూస్థాపన రోజు ఒంటిపూట బడి అయిపోగానే బయలుదేరదామని స్టాఫ్ అంతా అనుకున్నాం. సోషల్ మాస్టారు కారు తెచ్చారు. ఒకప్పుడు ఆవిడని అనుకరించిన మాస్టారే, పొద్దున్న పూలదండ తనే కట్టించి తెచ్చారు. నేను ఆఖరి పీరియడ్ చెబుతూ ఉంటే గదిలో వెలుతురు తగ్గింది. కిటికీ రెక్క ధడేల్మని కొట్టుకుంది. పిల్లలందరూ ఒక్కసారి బయటికి చూసి, ఆ తర్వాత నా ముఖంలోకి చూశారు.

సుద్దముక్క చేతిలో పట్టుకునే బయటికి నడిచాను. వరండాలోకి వచ్చేసరికి పడమర అంతా నల్లగా ఉంది. సోషల్ మాస్టారు పక్కకొచ్చి మెల్లగా అన్నారు. "మేడమ్, ఎలాగూ ఇంకాసేపట్లో వదిలేసే టైమే. ఇప్పుడే బెల్ కొట్టించేద్దాం. మనం కూడా మూడింటి భూస్థాపనకి అందుకుంటాం. ఆలస్యమైతే ఆఖరిచూపు దక్కదండీ." ఆయన చెప్పిందాంట్లో తప్పేం లేదు. బెల్ కొడితే ఎవరూ నన్ను తప్పుపట్టరు కూడా. ఇరవై నిమిషాలు ముందు వదిలారు అనుకుంటారు, అంతే. ఆవిడ ముఖం చివరిసారి చూడాలని నాకెంత ఉందో నాకే తెలుసు. "మీరు వెళ్ళండి మాస్టారూ. దండ వెయ్యండి. నేను తర్వాత వస్తాను" అన్నాను. ఆయన నా వంక ఒకసారి చూసి, దండని మరో టీచర్ చేతికిచ్చి ఇంకో ఇద్దరితో కారులో పంపించి, తను వెనకగోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు, తొమ్మిదో తరగతి వాళ్ళు గోడ దూకకుండా.

నేను గేటు వేశాను. తాళం సరిగా పడిందా అని లాగి చూశాను, మళ్ళీ చూశాను. దుమ్ము లేచి కళ్ళు కనిపించడం లేదు. నిమిషాల్లో జనం వచ్చేశారు. ఎదురు తోట కౌలుకి తీసుకున్నాయన ముందుకొచ్చాడు. ఆయన కూతురు మా ఏడో తరగతిలో ఉంది.

"మేడం గారూ, గేటు తియ్యండి. అక్కడ కాయంతా రాలిపోతోంది."

"అమ్మాయిని తోటకేనా అండీ తీసుకెళ్ళేది?"

"తోటక్కాకపోతే సినిమాకా?"

వెనక నలుగురు నవ్వారు. పెద్ద మేడమ్ అన్న మాటలు నాకు వరసగా గుర్తున్నాయి. ఇంటికైతే తీస్తాను, తోటకైతే తియ్యను. నోరు తెరిచాను, మాట రాలేదు. కాళ్ళు వణుకుతున్నాయి, వణుకుతున్నాయని వాళ్ళకీ కనిపిస్తోంది. ఆయన చెయ్యి లోపలికి పెట్టి తాళం పట్టుకున్నాడు. అప్పుడు నా నోట్లోంచి వచ్చింది నేను ముందుగా అనుకున్న మాట కాదు.

"నాకు భయంగా ఉందండీ" అన్నాను.

ఆయన ఆగాడు.

"చాలా భయంగా ఉంది. చెట్టు కింద మీ అమ్మాయి మీద కొమ్మ పడితే నేను బతకలేను. ఒకసారి చూశానండీ, మళ్ళీ చూడలేను. గాలి తగ్గేదాకా పంపను. తిట్టండి, పడతాను. తగ్గాక ఇంటికి తీసుకెళ్ళండి. చేరాక నాకు ఫోన్ చేసి చేరిందని చెప్పండి. మీరు చెప్పేదాకా నాకు కాలూ చెయ్యీ ఆడదు." ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది. జేబురుమాలు లేదు, చేతిలో సుద్దముక్క ఉంది. ఊచల మధ్యనుంచి చెయ్యి బయటికి పెట్టి, దానితోనే గేటు ఇనపరేకు మీద నా ఫోన్ నంబరు లావుగా రాశాను, బయటికి కనిపించేలా. వాన పడితే పోతుందని కూడా తోచలేదు.

కొందరు విసుక్కుంటూ తోటల్లోకి పరిగెత్తారు. ఆయన మాత్రం తాళం వదిలేసి, జేబులోంచి ఫోన్ తీసి, ఆ నంబరు ఎక్కించుకున్నాడు. "ఏడవకండి మేడం గారూ, అందరూ చూస్తున్నారు" అన్నాడు విసుగ్గానే. వాన మొదలయ్యాక గోనెసంచి కప్పుకుని గోడ వారన కూర్చున్నాడు. రోడ్డవతల ఆయన కాయ రాలుతున్న చప్పుడు మా ఇద్దరికీ వినిపిస్తూనే ఉంది.

గాలీ వానా తగ్గి, ఆఖరి పిల్లని అప్పగించేసరికి రెండున్నర దాటింది. ఎవరూ రాని పిల్లల్ని సోషల్ మాస్టారూ మిగతా టీచర్లూ వీధి వీధికీ దింపి వచ్చారు. పి.ఇ.టి. మాస్టారి బండి వెనక కూర్చుని నేను విస్సన్నపేట చేరేసరికి అంతా అయిపోయింది. దారి పొడుగునా తోటల్లో నేల కనిపించనంత కాయ. ఆ కాయ చూసి నాకు ఏడుపొచ్చింది, వాళ్ళ కోసమా, ఆవిడ కోసమా నాకే తెలియలేదు.

సమాధుల తోటలో వాళ్ళమ్మాయి ఒక్కతే గొడుగు వేసుకుని నిలబడి ఉంది. అక్కడా వాన పడింది. కొత్త మట్టి మీద దండలు తడిసి అణిగిపోయాయి. "అందరూ వెళ్ళిపోయారాంటీ. మీరొస్తారని నేను ఉండిపోయాను" అంది. గాలొచ్చిందమ్మా, పిల్లల్ని పంపలేకపోయాను అన్నాను. "మమ్మీ అయితే అసలు వచ్చేదే కాదు" అని నవ్వబోయి ఏడ్చింది. ఇద్దరం పట్టుకుని చాలాసేపు అలాగే ఉన్నాం. పెద్ద మేడమ్ ముఖం నేను చూడలేకపోయాను. ఆ లోటు నాకు ఉంటుంది.

ఫోన్ మోగింది. తెలియని నంబరు. కట్ చెయ్యబోయి ఎత్తాను.

"హెచ్చెమ్ మేడం గారేనా అండీ?"

గేటు దగ్గర గోడ వారన కూర్చున్నాయన గొంతు. తడిమట్టి వంక చూశాను. "అవునండీ, హెచ్చెమ్‌నే మాట్లాడుతున్నాను."

"మా అమ్మాయి ఇంటికొచ్చేసిందండీ. అన్నం తింటోంది. చెప్పమన్నారు కదా అని."

పెట్టేయగానే ఇంకొకటి. ఒక తల్లి. తర్వాత ఒక తాతయ్య, మనవడి పేరు చెప్పడానికి కాసేపు తడుముకున్నాడు. వానకి చెరిగిపోయే ఉంటుంది ఆ సుద్దరాత, ఒకళ్ళనొకళ్ళు అడిగి తీసుకున్నట్టున్నారు. సమాధి దగ్గర నిలబడి ఫోన్ మాట్లాడటం మర్యాద కాదని దూరంగా గోడ వైపు వెళ్ళబోయాను. వాళ్ళమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇక్కడే మాట్లాడండాంటీ" అంది.

ఫోన్ మళ్ళీ మోగింది.